పీల్చే పంపు, తోసే పంపు

పిల్లలూ! 1986వ సంవత్సరం మే నెలలో జరిగిన ఒక సంగతి చెపుతాను, వినండి.

అప్పటికి నేను కొత్తగా పంతులుద్యోగంలో చేరాను. మా వూరు అనంతపురం జిల్లాలో, కళ్యాణదుర్గానికి దగ్గిర. మా అక్కకు నెలలు నిండి నొప్పులు మొదలైతే, ఆమెను అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోవటానికి ఒక బాడుగ కారు మాట్లాడాము. కారులో అక్క, అమ్మ, నేను, డ్రైవరు. మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఎండ నిప్పులు చెరుగుతున్నది. దారికి ఇరుపక్కలా ఎర్రటి బీడు చేలు. అక్కడొక తుమ్మ, ఇక్కడొక వేప తప్ప ఎక్కడా నీడ లేదు.

సగం దారిలో అక్కకు దప్పిక అయింది. ఒక వేపచెట్టు కింద కారాపి, అమ్మ ఆమెకు మట్టికూజాలోని నీళ్ళు తాగించింది. మేము ఆగినది అయిదు నిమిషాలే. తిరిగి బయలుదేరుదామని డ్రైవరు తాళం తిప్పితే కారు కదలలేదు. యింజను తిరుగుతున్నదే గాని అంటుకోవటం లేదు. చూడబోతే టాంకిలో పెట్రోలు నిండుగా వున్నది.

డ్రైవరు పెద్దవాడు, అనుభవం గలవాడు. ఆయన దిగి, యింజను మూత ఎత్తి, లోపల తడిమి చూసి, "పంపు కాగిపోయింది సార్. నీళ్ళేమన్నా వుండాయా?" అని అడిగాడు.

కూజాలో మిగిలినవి రెండు చెంబుల నీళ్ళు. కనుచూపు మేరలో బావి గాని, బోరు గాని లేదు. అక్కకు మళ్ళీ దప్పిక అయితే ఎట్లా? నేను తటపటాయిస్తుంటే అమ్మ, "ఇయ్యిరా, ముందు కారు కదలనీ!" అన్నది.

డ్రైవరు ఒక గుడ్డ తడిపి, యింజను పక్కన అతికించినట్టున్న ఒక చిన్న గిన్నెకు చుట్టాడు. గుడ్డ ఆరినప్పుడల్లా దాని మీద కాసిని నీళ్ళు పోశాడు. పది నిమిషాల తరవాత తాళం తిప్పితే యింజను అంటుకున్నది. మేము సకాలంలో ఆసుపత్రి చేరాము. ఆ సాయంకాలమే నాకు మేనకోడలు పుట్టింది.

ఆ గిన్నె ఏమిటి? టాంకి నిండా పెట్రోలు వుండి కూడా కారు ఎందుకు ఆగింది? తడిగుడ్డకూ, కారు కదలటానికీ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్నలకు జవాబులు తెలుసుకుంటే, వేగంగా పోయే కార్లు తయారు చేసేవాళ్ళకు ఎదురయ్యే ఒక చిక్కు మీకు సులువుగా అర్థమవుతుంది. "యింజను తిప్పే పంపు మేలా, కరెంటు పంపు మేలా?" అన్నదే ఆ చిక్కు.

అసలు కారుకు పంపు ఎందుకు? పాత మోటారు సైకిళ్ళను చూడండి. వాటి పెట్రోలు టాంకి యింజనుకు పైన వుంటుంది. పెట్రోలు దానంతట అదే కిందికి జారి యింజనులోకి పోతుంది. పంపుతో పనిలేదు. 1908 నుంచి 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు కూడా పంపు లేదు. దాని టాంకి సీటు కింద వుండేది. నిటారుగా వున్న ఎత్తు ఎక్కేటప్పుడు యింజను పైకీ, టాంకి కిందికీ అయ్యేవి. టాంకిలో పెట్రోలు తక్కువగా వుంటే అది యింజనుకు అందేది కాదు. అందుకని ఆ కార్ల వాళ్ళు కారును వెనక్కు తిప్పి, వెనకనడకన కొండ ఎక్కేవాళ్ళు!

తరవాతి కార్లలో టాంకిని వెనక, కిందుగా పెట్టారు. యింజను ముందు వుంటుంది. కాబట్టి పెట్రోలును ముందుకు, పైకి చేర్చటానికి ఒక పంపు కావలసి వచ్చింది.

మన డ్రైవరు తడిగుడ్డ చుట్టిన గిన్నె అటువంటి పంపే. అది ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. గిన్నె మధ్యలో అడ్డంగా రబ్బరు గుడ్డలాంటి పొర ఒకటి బిగించి వుంటుంది. దాని కింద ఒక స్ప్రింగు, ఒక మీట వుంటాయి. యింజను లోపల తిరిగే ఇరుసు ఒకటి ఆ మీటను మాటిమాటికీ నొక్కుతుంది. నొక్కినప్పుడు మీట పొరను కిందికి లాగుతుంది. పొరకు పైన చోటు పెరిగి, వెనక టాంకిలోని పెట్రోలు గొట్టం వెంట వచ్చి గిన్నెలోకి చేరుతుంది. మీట వదిలినప్పుడు స్ప్రింగు పొరను పైకి తోస్తుంది. అప్పుడు పెట్రోలు రెండో తలుపు గుండా కార్బురెటర్‌లోకి పోతుంది. పెట్రోలును గాలితో కలిపి యింజనుకు అందించేదే కార్బురెటర్. ప్రీమియర్ పద్మిని మొదలైన పాత కార్లలో ఇటువంటి పంపే వుండేది.

ఈ పంపులో గొప్ప సుగుణాలున్నాయి. దానికి కరెంటు అక్కరలేదు. కార్బురెటర్ నిండగానే పొర కిందనే ఆగిపోతుంది, మీట వృథాగా ఆడుతుంది; అంటే కావలసినంతే ఇస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, యింజను ఆగితే పంపూ ఆగుతుంది. కారు దేనికైనా గుద్దుకుని యింజను ఆగిపోతే, పెట్రోలు బయటికి చిమ్మటం కూడా ఆగుతుంది.

మరి దానిలో లోపమేమిటి? దానికి జవాబు మన అనంతపురం బావులలో వున్నది.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే సీమ మనది. వెనుకటి రోజుల్లో ఎద్దులు కపిల తోలి బావిలోంచి నీళ్ళు తోడేవి. తరవాత ఆయిలు యింజన్లూ, కరెంటు మోటార్లూ వచ్చాయి. మోటారు గట్టు మీద వుండి, గొట్టంతో నీళ్ళు పీల్చేది. బావిలో నీళ్ళు దిగిపోయిన కొద్దీ రైతులు బావి గోడలో అరుగు తొలిచి, మోటారును కిందికి దించేవాళ్ళు. ఎందుకంటారా?

పీల్చటమంటే నిజానికి లాగటం కాదు. మీరు పుల్లగొట్టంతో మజ్జిగ తాగేటప్పుడు, గొట్టంలోని గాలిని మాత్రమే తీసేస్తారు. గ్లాసులోని మజ్జిగను బయటి గాలి నొక్కి, గొట్టం వెంట మీ నోటిలోకి తోస్తుంది. బయటి గాలికి అంత బరువున్నదని 1643 ప్రాంతంలో ఇటలీ దేశస్థుడు టారిసెల్లి రుజువు చేశాడు. ఆ గాలి నీటిని ఎంత తోసినా సుమారు 10 మీటర్ల ఎత్తుకే తోయగలదు. నిజమైన పంపులలో 7, 8 మీటర్లు అయితే గొప్ప. అందుకే నీళ్ళు దిగిన కొద్దీ మోటారూ దిగవలసి వచ్చింది.

ఇప్పుడు బోర్లు వందల అడుగుల లోతు వుంటున్నాయి. వాటిలో పీల్చే పంపు ఎందుకూ పనికి రాదు. కాబట్టి మోటారునూ, పంపునూ కలిపి నీళ్ళలోనే ముంచి పెడతారు. అదే సబ్‌మెర్సిబుల్ పంపు. అది నీళ్ళను పైకి పీల్చదు, కిందనుంచి పైకి తోస్తుంది. తోయటానికి గాలి బరువుతో పనిలేదు. మోటారు బలాన్ని బట్టి ఎంత ఎత్తయినా తోయవచ్చు.

ఇప్పుడు కారుకు తిరిగి వద్దాం. యింజనుకు అతికించిన పంపు గట్టు మీది మోటారులాంటిది. అది వెనక టాంకినుంచి పెట్రోలును పీల్చుకోవాలి. కాని పెట్రోలు నీళ్ళవంటిది కాదు. అది అనేక ద్రవాల కలయిక. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీల వేడికే ఆవిరి కావటం మొదలు పెడతాయి. మన వూళ్ళలో మే నెల ఎండే 40 డిగ్రీలుంటుంది గదా! యింజను గదిలో అంతకన్నా ఎంతో ఎక్కువ వేడి వుంటుంది.

దీనికి తోడు మరొక సంగతి వున్నది. ప్రెషరు కుక్కరులో నీళ్ళు 100 డిగ్రీలకు మరగవు, సుమారు 120 డిగ్రీలకు మరుగుతాయి. ఎందుకంటే ఆవిరి లోపల నొక్కుతూ వుంటుంది. నొక్కుడు పెరిగితే ద్రవం ఆలస్యంగా మరుగుతుంది, తగ్గితే తొందరగా మరుగుతుంది. పీల్చే పంపు గొట్టంలో నొక్కుడు తగ్గుతుంది. అసలే వేడి, ఆపైన నొక్కుడు తక్కువ. పెట్రోలు గొట్టంలోనే ఆవిరి బుడగలైపోతుంది. పంపు ఆ ఆవిరినే నలుపుతూ వుంటుంది గాని, పెట్రోలు ముందుకు పోదు.

కారు నడుస్తూ వుండగా ఆగక, వేపచెట్టు కింద నిలిపినప్పుడే ఎందుకు మొండికేసింది? నడిచే కారుకు ఎదురుగాలి తగులుతుంది, చల్లని పెట్రోలు వస్తూ వుంటుంది. నిలిపిన కారులో యింజను వేడంతా పంపుకు ఎక్కుతుంది. తడిగుడ్డలోని నీరు ఆవిరవుతూ ఆ వేడిని తీసుకుపోయింది. పెట్రోలు ఆవిరి తిరిగి ద్రవమైంది. మట్టికూజాలో నీళ్ళు చల్లబడటానికీ, ఆ పంపు చల్లబడటానికీ కారణం ఒకటే!

ఇప్పుడు కరెంటు పంపు సంగతి. "అయితే యింజను పంపు తీసి కరెంటు పంపు పెడితే సరి!" అని మీరు తొందరపడవచ్చు. కరెంటు పంపు కొత్తదేమీ కాదు. పూర్వపు మోరిస్ మైనర్ కార్లలో వుండేది. తాళం తిప్పగానే టిక్ టిక్ మని కొట్టుకుని, కార్బురెటర్ నిండగానే ఊరుకునేది. కాని దాన్ని యింజను గదిలోనే పెట్టేవాళ్ళు. అక్కడినుంచి అది కూడా పెట్రోలును పీల్చుకోవలసిందే, అదే వేడిని అనుభవించవలసిందే. కాబట్టి పంపును ఏది తిప్పుతున్నది అనేదాని కన్న, పంపు ఎక్కడ వున్నది అనేదే ముఖ్యం. కరెంటు పంపును టాంకి పక్కనో, టాంకిలోనో పెట్టినప్పుడే దాని ప్రయోజనం కనిపిస్తుంది. అప్పుడది బోరులోని పంపులాగా తోస్తుంది. గొట్టమంతా నొక్కుడు కింద వుంటుంది. పెట్రోలు అంత సులువుగా ఆవిరి కాదు.

నాలుగేళ్ళ కిందట నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ విషయమే అడగటానికి మా ఇంటికి వచ్చాడు. అతనికి అనంతపురంలో మెకానిక్ షెడ్డు వున్నది. ఒక పాత కార్బురెటర్ కారు యింజనును బాగా బలపరచి, పందేలకు సిద్ధం చేస్తున్నాడు.

"సార్, నేరుగా పోయేటప్పుడు బాగానే వుంటుంది. పూర్తిగా తొక్కి పట్టుకుంటే మాత్రం యింజను దగ్గి, బలం పడిపోతాంది," అన్నాడు.

"నీ యింజను ఎంత తాగుతుందో లెక్క వేశావా?" అని అడిగాను. అతను వెయ్యలేదు. ఇద్దరమూ కాగితం తీసుకుని కూర్చున్నాము.

ఆ లెక్క మీరూ వెయ్యవచ్చు. పెట్రోలు యింజను పూర్తి బలంతో పనిచేసేటప్పుడు ఒక్కొక్క అశ్వశక్తికి గంటకు సుమారు పావుకిలో పెట్రోలు తీసుకుంటుంది. లీటరు పెట్రోలు బరువు సుమారు ముప్పావుకిలో. 40 అశ్వశక్తుల యింజనుకు గంటకు 10 కిలోలు, అంటే సుమారు 13 లీటర్లు చాలు. అదే 120 అశ్వశక్తులైతే 30 కిలోలు, అంటే 40 లీటర్లు కావాలి. చిన్న యింజనుకు చాలిన పంపు మూడింతల యింజనుకు చాలదు గదా!

పందెపు కారుకు మరొక ఇబ్బంది వున్నది. బస్సు హఠాత్తుగా కదిలితే మీరు వెనక్కు పడతారు. కారు ఒక్కసారి దూకినప్పుడు గొట్టంలోని పెట్రోలు కూడా అట్లాగే వెనక్కు మొగ్గుతుంది. వేగంగా మలుపు తిరిగితే టాంకిలో ఒక పక్కకు పోగవుతుంది. అప్పుడు పంపు పెట్రోలుకు బదులు గాలి పీల్చుకోవచ్చు. మద్రాసు దగ్గిర షోలవరంలో పాత విమానాల దారి మీద ఒకప్పుడు కార్ల పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోటలో పందేల కోసమే బాట కట్టారు. అటువంటి చోట్ల ఒక్క క్షణం పెట్రోలు అందకపోయినా పందెం పోయినట్టే.

నా విద్యార్థి వెళ్ళి కరెంటు పంపు బిగించాడు. వారం తిరగకుండానే మళ్ళీ వచ్చాడు. ముఖం వాడిపోయి వున్నది. "సార్, కొంచెంలో షెడ్డు కాలిపోయేది!" అన్నాడు.

జరిగినదేమిటంటే, అతను కొత్తరకం కార్లకు పెట్టే పంపు తెచ్చాడు. ఎంత బలమైనదైతే అంత మంచిదనుకున్నాడు. కాని కార్బురెటర్‌కు చదరపు అంగుళానికి 3 నుంచి 6 పౌన్ల నొక్కుడు చాలు. అతను తెచ్చిన పంపు 40 పౌన్లు దాటి ఇచ్చేది. ఆ నొక్కుడుకు కార్బురెటర్‌లోని చిన్న తలుపు నిలవలేక, పెట్రోలు పొంగి వేడి యింజను మీదికి కారింది. అదృష్టం కొద్దీ నిప్పురవ్వ తగలలేదు. దప్పికగొన్న వాడికి చెంబుతో నీళ్ళివ్వాలి గాని, చెరువు తూము విప్పకూడదు.

అప్పుడతనికి నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చాను. యింజనుకు గంటకు ఎన్ని లీటర్లు కావాలి? ఎంత నొక్కుడుతో కావాలి? పంపు వుండే చోట వేడి ఎంత? కారు గుద్దుకుంటే పంపును ఆపేది ఎవరు?

చివరి ప్రశ్నను చాలామంది మరచిపోతారు. కరెంటు పంపు యింజను ఆగినా ఆగదు. దానికి కరెంటు వున్నంతసేపు అది తోస్తూనే వుంటుంది. గొట్టం తెగిన కారులో అది ఎంత ప్రమాదమో ఆలోచించండి! అందుచేత యింజను ఆగినప్పుడు గాని, కారు గుద్దుకున్నప్పుడు గాని దానంతట అదే కరెంటును తెంచే స్విచ్చి తప్పక వుండాలి. ఈ కాలపు కార్లలో ఆ పని లోపలి కంప్యూటరు చేస్తుంది. పాత కారుకు మనమే ఏర్పాటు చెయ్యాలి.

మెల్లిగా పోయే పాత కారుకు యింజను పంపే చాలునని కూడా రాశాను. దాని పొరను అప్పుడప్పుడు మారిస్తే సరిపోతుంది. పొర చిరిగితే మాత్రం పెట్రోలు యింజను ఆయిలులో కలిసి, ఆయిలు పలచబడి, యింజను అరిగిపోతుంది.

నా విద్యార్థి ఈసారి తొందరపడలేదు. తక్కువ నొక్కుడుతో ఎక్కువ లీటర్లు ఇచ్చే పంపు ఎంచుకున్నాడు. దాన్ని వెనక టాంకికి ఆనుకుని, కిందుగా బిగించాడు. గుద్దుకుంటే తెగే స్విచ్చి పెట్టాడు. ఆ మే నెలలోనే మిట్టమధ్యాహ్నం నన్ను ఎక్కించుకుని కళ్యాణదుర్గం దారిలో తీసుకుపోయాడు. వేపచెట్టు నీడన కారాపి, అయిదు నిమిషాలుండి, మళ్ళీ తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే యింజను అంటుకున్నది. కారులో నీళ్ళ సీసా వున్నది. "ఇవి తాగనీకే సార్, పంపుకు కాదు," అన్నాడు నవ్వుతూ.

ఇంతకూ ఏ పంపు గెలిచింది? అనంతపురం నుంచి బెంగుళూరు పోయే దారిలో, పెనుకొండ దగ్గిర ఎర్రమంచిలో కియా వారి కార్ల కర్మాగారం వున్నది. ఆ ప్రాంతం 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. 2019లో అక్కడినుంచి సెల్టోస్ అనే కారు బయటికి వచ్చింది. దానిలో బలమైన టర్బో పెట్రోలు యింజను గల రకానికి పంపులు రెండు! టాంకిలో మునిగి వున్న కరెంటు పంపు పెట్రోలును ముందుకు తోస్తుంది. యింజను దగ్గిర, యింజనే తిప్పే రెండో పంపు ఆ పెట్రోలును అందుకుని, ఎంతో ఎక్కువ నొక్కుడుతో నేరుగా సిలిండర్లలోకి చిమ్మటానికి సిద్ధం చేస్తుంది. ఆ రకం యింజన్లలో నొక్కుడు గాలి నొక్కుడుకు 200 రెట్ల వరకూ, అంతకు పైన కూడా పోతుంది. అంత నొక్కుడుకు చాలా బలం కావాలి, ఆ బలం యింజను దగ్గిర వున్నది. దూరాన్నుంచి, వేడికి లొంగకుండా తోయటం కరెంటు పంపుకు చేతనవును. పాతదీ కొత్తదీ పోట్లాడుకోలేదు; దేని చోట అది కూర్చున్నది.

ఒక్క జాగ్రత్త మాత్రం మీ ఇంట్లోవాళ్ళకు చెప్పండి. టాంకిలోని పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే. టాంకి అడుగంటే దాకా కారు నడిపితే పంపు వేడెక్కి తొందరగా పాడవుతుంది. నీళ్ళు అయిపోయిన బోరులో మోటారు కాలిపోవటం మన రైతులకు తెలియనిది కాదు గదా!

ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. పెట్రోలుతో కాదు సుమా, నీళ్ళతో! పుల్లగొట్టానికి పైభాగాన గుండుసూదితో చిల్లు పొడిచి నీళ్ళు పీల్చండి. నీళ్ళతో పాటు గాలీ వస్తుంది. తరవాత అదే గొట్టంలోకి నోటితో నీళ్ళు ఊదండి. చిల్లులోంచి నీళ్ళు బయటికి చిమ్ముతాయి. పీల్చే గొట్టానికి చిల్లు పడితే కారు ఆగుతుంది. తోసే గొట్టానికి చిల్లు పడితే కారు అంటుకోవచ్చు. ఏ పంపు గొట్టాన్ని ఎక్కువ జాగ్రత్తగా చూడాలో మీరే చెప్పండి.

ఈసారి కారు ఎక్కినప్పుడు వెనక సీటులో కూర్చుని, మాట్లాడకుండా చెవి పెట్టి వినండి. డ్రైవరు తాళం తిప్పగానే, యింజను అంటుకోకముందే, మీ సీటు కిందనుంచి రెండు క్షణాలపాటు సన్నగా 'గుయ్' మని ఒక చప్పుడు వినిపించవచ్చు. అది టాంకిలోని పంపు. పెట్రోలును తోయటం మొదలు పెట్టిందన్నమాట.